బ్యాచ్ 4: మళ్లీ 1.020 దగ్గరే మొండికేసింది

ఇంట్లో కాచే బీరు వరుసగా మూడో బ్యాచ్ ఇలా అవడం: గ్రావిటీ (నీళ్లతో పోల్చిన సాంద్రత; నీళ్లు 1.000, చక్కెర ఉన్నకొద్దీ ఎక్కువ) దిగాల్సినంత దిగకుండా ఆగిపోతోంది. డాలస్ ఎండలకి గరాజ్ పనికిరాదు కాబట్టి ఫర్మెంటర్ (బీరు పులిసే బకెట్) బాత్‌టబ్ నీళ్లలోనే ఉంది. పేల్ ఏల్, 5 గ్యాలన్లు, ఓజీ (మొదటి రోజు గ్రావిటీ) 1.052, యూఎస్-05 ఈస్ట్ ఒక ప్యాకెట్, 19 డిగ్రీలు (ఇక్కడి రెసిపీలన్నీ ఫారెన్‌హీట్‌లో ఉన్నా ఈ లాగ్‌లో సెల్సియసే). కాస్కేడ్ హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు) వాసన అదిరింది, బీరు తేటగా ఉంది. గొడవంతా గ్రావిటీతోనే.

4వ రోజుకి ఎయిర్‌లాక్ (గ్యాస్ బుడగలుగా బయటికి పోయే, మూత మీది గొట్టం) గమ్మునైపోయింది. 6వ రోజు 1.021, 9వ రోజు 1.020, 12వ రోజూ 1.020. రావాల్సింది 1.011 చుట్టుపక్కల. 1.020 అంటే 61 శాతం అటెన్యుయేషన్ (చక్కెరలో ఈస్ట్ తిన్న వాటా). యూఎస్-05 మామూలుగా 80కి అటూ ఇటూ లాగేస్తుంది.

బుడగల్ని నమ్మడం దండగ. ఇడ్లీ పిండి పొంగిందంటే పులిసినట్టే, బకెట్ బీరుకి ఆ లెక్క కుదరదు. మూత అంచున సన్నటి సందుంటే చాలు, గ్యాస్ అటే పోతుంది, ఎయిర్‌లాక్ కదలదు. పనంతా అయిపోయిన బీరు కూడా రెండు డిగ్రీలు వేడెక్కితే కరిగున్న గ్యాస్ వదులుతూ టపటపమంటుంది.

మొదటి అనుమానం హైడ్రోమీటర్ (గ్రావిటీ కొలిచే, తేలే గాజు గొట్టం) మీద. 15.6 డిగ్రీల దగ్గర డిస్టిల్డ్ వాటర్‌లో సరిగ్గా 1.000 చూపించింది. శాంపిల్‌ని రెండు గ్లాసుల మధ్య పదిసార్లు తిరగబోసి గ్యాస్ తీసేసి, హైడ్రోమీటర్‌ని ఓసారి తిప్పి వదిలినా మార్పు లేదు (కాడకి బుడగలు అంటుకుంటే రెండు మూడు పాయింట్లు, అంటే 0.002-0.003, ఎక్కువ చూపిస్తుంది). రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగడాన్ని బట్టి చక్కెర కొలిచేది) 8.2 బ్రిక్స్ (చక్కెర శాతం) అంది. నేరుగా మారిస్తే 1.033, గుండె ఆగినంత పనవుతుంది. ఆల్కహాల్ ఆ రీడింగ్‌ని పైకి లాగుతుంది కాబట్టి ఓజీ కూడా ఇచ్చి కరెక్షన్ కాలిక్యులేటర్‌లో వేస్తే 1.020. రెండూ ఒకే మాట చెప్పాయి. టిల్ట్ లాంటి, బీరులో తేలుతూ గ్రావిటీ చెప్పే పరికరాలు గ్రాఫ్ చూసుకోవడానికి బాగుంటాయి, బాటిలింగ్ నిర్ణయానికి మాత్రం గాజు హైడ్రోమీటరే.

రెండో అనుమానం ఈస్ట్. 21 డిగ్రీలకి పెంచి, బకెట్‌ని మెల్లగా తిప్పి, కొత్త ప్యాకెట్ కూడా వేస్తే మూడు రోజుల తర్వాత కూడా 1.020. ఆ ప్యాకెట్ డబ్బులు వృథా. ముందే చేయాల్సింది ఫోర్స్‌డ్ టెస్ట్ (బీరు ఎంతవరకు దిగగలదో తేల్చే పరీక్ష): స్టార్ శాన్ (క్రిమిసంహారక ద్రవం) కొట్టిన సీసాలో 250 మి.లీ. బీరు, అర టీస్పూన్ పొడి ఈస్ట్, పైన ఫాయిల్, 26 డిగ్రీల మూల, గుర్తొచ్చినప్పుడల్లా ఓ కుదుపు. 48 గంటలకి 1.019. అంత ఈస్ట్, అంత వెచ్చదనం ఇచ్చినా దిగలేదంటే ఈస్ట్ తినగలిగే చక్కెర అందులో మిగల్లేదు. తప్పు మ్యాష్‌లో (మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టి పిండిని చక్కెరగా మార్చే దశ) జరిగింది.

దొంగ దొరికింది: డయల్ థర్మామీటర్. దంచిన ఐసులో కాసిని నీళ్లు పోసి కలిపి పెడితే 0 రావాలి, మైనస్ 4 చూపించింది. మరిగే నీళ్లలో 96. అంటే 66 అనుకున్న మ్యాష్ నిజానికి 70లో నడిచింది. అక్కడ ఈస్ట్ తినగలిగే చక్కెరలు చేసే ఎంజైమ్, బీటా అమైలేజ్, త్వరగా చచ్చిపోతుంది. మిగిలిన ఆల్ఫా అమైలేజ్ వదిలే పెద్ద డెక్స్‌ట్రిన్లని (పూర్తిగా విరగని పిండి ముక్కలు) యూఎస్-05 తినలేదు. పూర్తిగా పులియని 300 గ్రాముల క్రిస్టల్ మాల్ట్ కూడా ఓ చెయ్యి వేసి ఉంటుంది.

ఫోర్స్‌డ్ టెస్ట్ లేకుండా 1.020 దగ్గర బాటిల్ చేయడం జూదమే. ఒక్కో పాయింటు దాదాపు అర వాల్యూమ్ (బీరు పరిమాణంలో సగమంత) గ్యాస్ ఇస్తుంది. ఇంకా తొమ్మిది పాయింట్లు దిగే బీరైతే ప్రైమింగ్ షుగర్ (సీసాలో గ్యాస్ కోసం వేసే చక్కెర) ఇచ్చేదానికి తోడు నాలుగున్నర వాల్యూమ్‌లు, ఇక సీసాలు పేలడమే. దీనికి ఆ భయం లేదు, ఆదివారం బాటిలింగ్. గ్లూకోఅమైలేజ్ (డెక్స్‌ట్రిన్లని కూడా విరగ్గొట్టే ఎంజైమ్) పొడి వేసి కిందకి దించొచ్చు గానీ, అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం, బీరు నీళ్లలా తయారవుతుంది. బెల్ సైసన్ లాంటి డయాస్టాటికస్ ఈస్ట్ (డెక్స్‌ట్రిన్లని కూడా తినే రకం) వేయడం అంతకన్నా తలనొప్పి, నెలల తరబడి మెల్లగా తింటూనే ఉంటుంది.

బ్యాచ్ 5కి డిజిటల్ ప్రోబ్, 65 డిగ్రీల్లో 75 నిమిషాల మ్యాష్, క్రిస్టల్ సగం. ఫోర్స్‌డ్ టెస్ట్ ఈసారి మొదటి రోజే, చల్లారిన వర్ట్‌తో (ఇంకా పులియని తీపి ద్రవం). బకెట్ ఎక్కడ ఆగాలో మూడో రోజుకే తెలిసిపోతుంది. అది కుదిరితే ఆ తర్వాత గోధుమ బీరు, డబ్ల్యూబీ-06 ఈస్ట్‌తో. కాకపోతే అది కూడా డయాస్టాటికస్ రకమే, దాని గొట్టాలూ బకెట్టూ వేరుగా పెట్టాలి.