ఫిట్ సర్టిఫికెట్‌కూ పూర్తి షిఫ్టుకూ మధ్య

కార్మికుల బీమా పథకం ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చే చివరి సర్టిఫికెట్‌లో ఒక తేదీ ఉంటుంది. ముందు రోజు వరకు ఆ మనిషి రోగి, ఆ తేదీ నుంచి పూర్తి షిఫ్టు కార్మికుడు. మధ్యలో ఇంకో గడి లేదు. జీడిమెట్లలో ఒక చిన్న ఇంజినీరింగ్ కర్మాగారంలో పర్సనల్ (సిబ్బంది) విభాగం చూస్తాను. లేని ఆ గడిని గీసుకోవడమే నా పని అనిపిస్తుంది ఒక్కో నెల.

లేత్ యంత్రం మీద లోహాన్ని చెక్కే మా టర్నర్ ఒకాయన రెండో షిఫ్టుకు వస్తూ బాలానగర్ దగ్గర స్కూటర్ మీది నుంచి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఇంటి నుంచి పనికి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, ఉద్యోగంతో సంబంధం రుజువైతే, పనిలో తగిలిన గాయం కిందికే వస్తుంది. 2010లో చట్టాన్ని అలా సవరించారు. ఈ సంగతి చాలామంది కార్మికులకు ఇప్పటికీ తెలియదు. మామూలు జబ్బుకైతే జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులు. పని గాయానికి 90 శాతం, కోలుకునేదాకా. అందుకే ప్రమాద నివేదిక ఆలస్యం చేయకుండా పంపాం. డబ్బు సంగతి అక్కడితో తేలిపోయింది. చిక్కంతా ఆయనకు నయమయ్యాకే.

కట్టు విప్పారు, ఫిజియోథెరపీ అయింది, ఫిట్ అని రాసిచ్చారు. ఆయన వచ్చి లేత్ ముందు నిలబడి చక్ కీ పట్టుకున్నారు. చక్ అంటే చెక్కే ముక్కను పట్టి ఉంచే భాగం, దాన్ని బిగించడానికి వేళ్ల బలం ఒక్కటే చాలదు, మణికట్టు తిరగాలి. కీ సగం తిరిగి ఆగింది. మిగతా సగం ఎడమ అరచేత్తో, భుజం బరువు వేసి నెట్టారు. వదులుగా ఉన్న చక్‌లోంచి జాబ్, అంటే చెక్కుతున్న ముక్క, ఎగిరితే ఏమవుతుందో ఆ షెడ్డులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ప్రొడక్షన్ మేనేజర్ గారిది ఒకటే మాట: "ఫిట్ అయితే పని, కాకపోతే సెలవు." ఆయన మీద నాకు కోపం లేదు. కాగితం చెప్పేదీ అదే. పనిచేసి జీతం తీసుకున్న రోజుకు ఈఎస్‌ఐ భత్యం ఇవ్వదు. సగం పూట పని, మిగతా సగానికి భత్యం అనే లెక్కే లేదు. మా చిన్నమ్మ కొడుకు స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. మోకాలి ఆపరేషన్ తర్వాత వాడు మొదట రోజుకు రెండు గంటలు, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఆరు గంటలు పనికి వెళ్లాడు. ఎన్ని గంటలన్నది డాక్టరే రాసిచ్చాడు. ఆ కాలమంతా లెక్కల్లో వాడు అనారోగ్య సెలవులోనే ఉన్నట్టు. డబ్బు ఆరోగ్య బీమా సంస్థ ఇస్తుంది. దాన్ని హాంబర్గ్ పద్ధతి అంటారట. విన్నప్పుడు నాకు నిజంగా అసూయ కలిగింది.

మనకు ఆ వీలు లేదు కాబట్టి ఉన్నదానితోనే సర్దుకోవాలి. ముందు డాక్టరును అడిగే ప్రశ్న మార్చాం. "ఇతను పనికి పనికివస్తాడా" అని అడిగితే అవును, కాదు అనే జవాబే వస్తుంది. ఒక పేజీలో ఆయన చేసే పనులు రాశాను: ఎన్ని కిలోల జాబ్ ఎత్తాలి, చక్ ఎన్నిసార్లు బిగించాలి, అదురు ఎంతసేపు చేతికి తగులుతుంది. పక్కన ఖాళీ గళ్లు. డిస్పెన్సరీలో ఎంత వరుస ఉంటుందో తెలిసిందే, డాక్టరు గారికి పేరాలు రాసే తీరిక ఎక్కడిది? టిక్కులు మాత్రం పెట్టిచ్చారు. ఆ కాగితం చూశాక మేనేజర్ గారు కూడా మెత్తబడ్డారు.

మొదట ఇన్‌స్పెక్షన్ టేబుల్ దగ్గర వెర్నియర్, గేజీలతో కొలిచే పని. తర్వాత తేలికపాటి జాబ్‌లతో సీఎన్‌సీ, అంటే కంప్యూటరుతో నడిచే యంత్రం. పాత లేత్, రాత్రి షిఫ్టు అన్నిటికంటే చివర. అయినా ఆయనను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇవేవీ కావు, బస్సు. స్కూటర్ నడపలేరు, పొద్దుటి రద్దీలో బస్సు రాడ్డు పట్టుకుని నిలబడాలంటే అదే మణికట్టు మీద భారం. అడిగితే గానీ చెప్పలేదు. "పని గురించి అడుగుతారనుకున్నాను మేడం, బస్సు గురించి కాదు" అన్నారు. పది గంటలకు రమ్మన్నాం.

ఇక తోటివాళ్లు. మా దగ్గర ఇన్సెంటివ్ ఒక్కొక్కరికి విడిగా కాదు, గ్రూపు మొత్తానికి లెక్క. చేయి సరిగా లేని మనిషిని తలల లెక్కలో కలిపితే అందరికీ తగ్గుతుంది. మంచితనం ఎన్నాళ్లు నిలుస్తుంది? రెండో జీతం స్లిప్పు వచ్చేదాకా. కోలుకునే కాలంలో ఆయన తల ఆ గ్రూపు లెక్కలోంచి తీసేయాలని పట్టుబట్టాను. అకౌంట్స్ వాళ్లు గొణిగారు గానీ చేశారు. మనిషిని మెల్లగా పనిలోకి తెచ్చుకోవాలనుకునే ఏ యాజమాన్యమైనా ముందు చేయాల్సింది ఇదే అని నా అభిప్రాయం. పూలగుత్తులూ "స్వాగతం" బోర్డులూ తర్వాత చూసుకోవచ్చు.

తక్కువ గంటలకు జీతం ఎవరివ్వాలన్న దగ్గర నేను అనుకున్నంత సాధించలేకపోయాను. మొదటి రెండు వారాలు కంపెనీ భరించింది. తర్వాతి సగం పూటలు ఆయన ఆర్జిత సెలవుల్లోంచే పోయాయి. విరిగిన చెయ్యికి పండక్కని దాచుకున్న ఆ సెలవులు ఖర్చుకావడం న్యాయం కాదని ఇప్పటికీ అంటాను, యాజమాన్యం ఇప్పటికీ వినదు.

ఆయన ఇప్పుడు లేత్ మీదే ఉన్నారు, బరువైన జాబ్‌లకు హాయిస్ట్ వాడుతున్నారు. వచ్చే నెల వెన్ను ఆపరేషన్ అయిన ఒకామె ప్యాకింగ్‌కు తిరిగి వస్తున్నారు. అక్కడ రోజంతా నిలబడే పని. ఎత్తు తగ్గించి పెంచుకునే కుర్చీ ఒకటి కావాలని ఇండెంట్ పెట్టాను. కొనుగోలు విభాగం మూడు కొటేషన్లు తెమ్మంటోంది. ఒకటే వచ్చింది.