కౌలు రైతు, సొంత రైతు: ఒకే నమూనాలో

ఇంగ్లండ్‌లో నేను పనిచేసే బృందం రోగులతో ఎంపిక ప్రయోగాలు నడుపుతుంది. ఒక కార్డులో దగ్గరి ఆసుపత్రి, నెల రోజుల ఎదురుచూపు. ఇంకో కార్డులో దూరపు ఆసుపత్రి, వారంలోనే వైద్యం. ఏది కావాలో టిక్కు పెట్టమంటాం. డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో నోబెల్ బహుమతి తెచ్చిన కృషిలో భాగమైన లాజిట్ నమూనాతో, ఆ టిక్కుల నుంచి దూరానికి ఎంత బరువు, ఎదురుచూపుకు ఎంత బరువు అన్నది తేలుస్తాం. వృద్ధులకూ పడుచువారికీ ఇష్టాల్లో తేడా ఉందా అని అడిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. చాలామంది రెండు వర్గాలకూ విడివిడిగా నమూనా వేసి, ఒక పట్టికలో గుణకం (ఆ బరువును చెప్పే అంకె) పక్కన నక్షత్రం ఉండి రెండో దానిలో లేకపోతే తేడా ఉందని రాసేస్తారు. ఆ నక్షత్రం ఒక్కో గుణకాన్ని సున్నాతో పోల్చి చెప్పే మాట మాత్రమే. రెండు గుణకాలను ఒకదానితో ఒకటి పోల్చదు.

నాది రాజోలు వైపు కావడంతో ఇలాంటి ప్రశ్నను ముందు మా ఊరి చేల మీదే వేసి చూసుకుంటాను. మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ వరి రకం ఒకటి, సుమారు రెండు వారాల ముంపును తట్టుకునే గుణం దానికే చేర్చగా 2009లో విడుదలైన స్వర్ణ సబ్-1 ఇంకొకటి. కార్డుల మీద దిగుబడి, ముంపు తట్టుకునే శక్తి, విత్తనం ధర ఉన్నాయనుకుందాం. సొంత రైతులనూ కౌలు రైతులనూ పోల్చాలంటే అందరి జవాబులూ ఒకే నమూనాలోకి రావాలి. అయితే ‘కౌలు రైతు’ అన్న చలరాశిని (కౌలు రైతుకు 1, సొంత రైతుకు 0) ఒంటరిగా చేర్చి లాభం లేదు. ఒకే మనిషి ముందున్న రెండు కార్డులకూ దాని విలువ ఒకటే; నమూనా చూసేది కార్డుల మధ్య తేడానే కాబట్టి అది తీసివేతలో మాయమవుతుంది. దాన్ని ముంపు లక్షణంతో గుణించి ఇంటరాక్షన్ పదంగా చేర్చాలి. అప్పుడు ముంపు గుణకం సొంత రైతులది, ఇంటరాక్షన్ గుణకం కౌలు రైతుల తేడా, ఆ రెండింటి మొత్తం కౌలు రైతులది. ఫోన్లో ఈ మాట చెబితే మా బాబాయి, "ఎకరాకు ఇన్ని బస్తాలని కౌలు ముందే ఒప్పుకుంటాం కదమ్మా, చేను మునిగినా బస్తాలు కొలవాల్సిందే" అన్నాడు. ఆ ఇంటరాక్షన్ గుణకానికి ధన చిహ్నం ఎందుకు ఆశించాలో ఇంతకంటే బాగా చెప్పిన నివేదిక నేను చదవలేదు.

అయినా ఆ గుణకం కనబడగానే ఇష్టాల తేడా దొరికిందనుకోవడం తొందరపాటే. లాజిట్‌లో ప్రతి గుణకమూ ఇష్టం, జవాబుల్లోని నిలకడ అనే రెండింటి గుణకారఫలం. ఎంపిక నమూనాల పరిశోధకులు స్వైట్, లూవియర్ 1993లో ఎత్తిచూపిన సంగతి ఇదే. మా ఆసుపత్రి ప్రయోగంలో కార్డులు తిప్పితిప్పి అలసిన వృద్ధులు ఎటో ఒకటి టిక్కు పెడితే, వారి గుణకాలన్నీ ఒకే నిష్పత్తిలో సున్నా వైపు కుంచించుకుపోతాయి. ఇంటరాక్షన్ పదాలన్నీ ఒక్కటొక్కటిగా అసలు గుణకాలకు వ్యతిరేక చిహ్నంతో, దాదాపు ఒకే పాళ్లలో వస్తే నేను ముందు అనుమానించేది దీన్నే. ముంపు గుణకాన్ని ధర గుణకంతో భాగిస్తే ఈ నిలకడ పైనా కిందా కొట్టుకుపోతుంది. ముంపు తట్టుకునే విత్తనానికి ఒక్కో వర్గం అదనంగా ఎన్ని రూపాయలు పెడుతుందన్నది మిగులుతుంది. ఆ రూపాయలను పోల్చడమే నాకు నమ్మకమైన దారి.

రెండు కార్డుల పక్కన మూడో గడి కూడా ఉంటుంది: ‘రెండూ వద్దు’. బాబాయి మొదట వేలు పెట్టేది అక్కడే. "షావుకారు అప్పు మీద ఏ విత్తనం ఇస్తే అదే చల్లుతాం, నన్నెందుకు అడగడం?" అంటాడు. అందుకే ఆ గడి స్థిరాంకాన్ని (దిగుబడి, ధర వంటి లక్షణాలతో పనిలేకుండా ఆ గడికే పడే బరువును) కూడా కౌలు చలరాశితో గుణించి పెట్టాలని ఇక్కడి మా బృందంలో పట్టుబడతాను. అది లేకపోతే ఆ నిరాకరణ ధర గుణకంలోకి ఒలికి, ఎంచుకునే వీలే లేని మనిషిని ధరకు బెదిరినవాడిగా పట్టిక చూపించే ప్రమాదం ఉంది.