పేటెంట్ ఏజెంట్ పరీక్ష: పేపర్-2లో నన్ను ఆపేసిన కెమెరా క్లెయిమ్

పేటెంట్ ఏజెంట్ (ఇతరుల తరఫున పేటెంట్ దరఖాస్తులు రాసి వేసేవాడు) పరీక్షకు చదువుతున్నవాళ్ల కోసం, ముఖ్యంగా నాలాగా ఈసీఈ, సీఎస్‌ఈ చదివి ఇటు వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటిసారి చట్టం మీద ఉండే పేపర్-1 బాగానే దాటాను, క్లెయిములు (ఆవిష్కరణలో దేని మీద హక్కు అడుగుతున్నామో చెప్పే వాక్యాలు), స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరాల పత్రం) రాయించే పేపర్-2లో 43 దగ్గర ఆగిపోయాను. ఒక్కో పేపర్లో 50 శాతం, వైవాతో కలిపి మొత్తం మీద 60 శాతం రావాలి, కాబట్టి ఆ ఏడాది అక్కడితో అయిపోయింది.

పేపర్-1కి బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పాఠం), రూల్స్ మళ్లీ మళ్లీ చదవడమే. ఒక్క జాగ్రత్త: పాత నోట్సు నమ్మకండి. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు ఎగ్జామినేషన్ రిక్వెస్ట్ (దరఖాస్తును పరిశీలించమని పేటెంట్ ఆఫీసును అడగడం) గడువు 31 నెలలు, పాత నోట్సులో ఇంకా 48 అనే ఉంటుంది.

అసలు కష్టం పేపర్-2. ఫెయిలయ్యాక నెల రోజులు ఒకే ఒక ఇన్వెన్షన్ పట్టుకుని కూర్చున్నాను. మాది గుంటూరు వైపు, అందుకే మిరప ఆకు తెగులు తీసుకున్నాను. రైతు ఫోన్‌తో ఆకు ఫొటో తీస్తాడు, గాలికి ఆకు ఊగుతుంది, చెయ్యి కదులుతుంది. కెమెరా వరసగా పది ఫ్రేములు తీస్తే వాటిలో మంచిది ఎంచుకుని, దాన్ని బట్టి తెగులు గుర్తించాలి. నా మొదటి క్లెయిమ్: "ఫ్రేములకు స్కోరు లెక్కకట్టి, ఎక్కువ స్కోరు వచ్చిన ఫ్రేమును ఎంచుకునే పద్ధతి." ఇది నేరుగా పేటెంట్ చట్టం సెక్షన్ 3(కె)లో పడుతుంది, అంటే అల్గారిథం, కంప్యూటర్ ప్రోగ్రామ్ 'పర్ సే' (కేవలం ప్రోగ్రామ్‌గా) పేటెంట్‌కు పనికిరావని చెప్పే సెక్షన్. ఆ సెక్షన్‌ను మాట మాటగా చదవండి, 'పర్ సే' అన్నది కంప్యూటర్ ప్రోగ్రామ్ పక్కనే ఉంది, అల్గారిథం పక్కన లేదు. నేను రాసింది అచ్చంగా లెక్క, కెమెరా పేరు ముందు తగిలించినంత మాత్రాన అది మారదు, ఎగ్జామినర్ చూసేది సారాన్నే.

సరే, 3(కె) దాటిందనుకుందాం, తర్వాత ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగం తెలిసినవాడికి తేలిగ్గా తట్టని కొత్తదనం. ఒక ప్రయర్ ఆర్ట్‌లో (ముందే బయట ఉన్న పత్రంలో) షార్ప్‌గా ఉన్న ఫ్రేమును ఎంచుకోవడం ఉంది, ఇంకోదాంట్లో ఫొటో చూసి ఆకు తెగులు గుర్తించడం ఉంది. రెండూ కలిపితే నా క్లెయిమ్ వచ్చేస్తుంది, ఆ రంగంలో పనిచేసేవాడికి అది తట్టదని ఎలా అంటాం? ఇక్కడ నాకు రెండు రోజులు ఏమీ తోచలేదు. తర్వాత నేనే పొలంలో తీసిన ఫొటోలు చూస్తుంటే తెలిసింది, ఫ్రేమంతా కలిపి షార్ప్‌నెస్ కొలిస్తే వెనక మట్టి స్పష్టంగా ఉండి ఆకు మసకగా ఉన్న ఫ్రేము గెలిచేస్తోంది. కాబట్టి ముందు ప్రతి ఫ్రేములో ఆకు ఉన్న భాగం గుర్తించి, ఆ భాగంలోనే షార్ప్‌నెస్ కొలిచి, ఆ ఒక్క ఫ్రేమునే సర్వర్‌కు పంపాలి. తేడా ఇదీ. దీనివల్ల గుర్తింపు తప్పులు తగ్గుతాయి, పది ఫ్రేములకు బదులు ఒక్కటే వెళ్తుంది కాబట్టి డేటా కూడా తగ్గుతుంది. టెక్నికల్ ఎఫెక్ట్ అంటే ఇలా చూపించగలిగేది. ఫరీద్ అల్లానీ అనే ఆయన కంప్యూటర్ ఆవిష్కరణ పేటెంట్ కేసులో 2019 డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ మాటకు ఎందుకంత బరువిచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది, అంతకుముందు కేసు పేరు బట్టీ పట్టానంతే.

ఇంకో మాట, ఈ ఆకు భాగం సంగతి మొదటి స్పెసిఫికేషన్‌లోనే ఉండాలి. ఎఫ్‌ఈఆర్ (పేటెంట్ ఆఫీసు అభ్యంతరాలు రాసి పంపే మొదటి పరిశీలన నివేదిక) వచ్చాక గుర్తొచ్చి కలుపుదామంటే, సవరణలకు హద్దులు పెట్టే సెక్షన్ 59 ఒప్పుకోదు. అందుకే డిపెండెంట్ క్లెయిములు (మెయిన్ క్లెయిమ్‌కు అదనపు వివరం కలిపేవి) తేలిగ్గా తీసుకోకండి, మెయిన్ క్లెయిమ్ పడిపోతే వెనక్కి తగ్గి నిలబడేది వాటి మీదే.

ప్రాక్టీసుకు నాకు కోచింగ్ మెటీరియల్ కన్నా పేటెంట్ ఆఫీసు సైట్లో దరఖాస్తులు వెతికే ఇన్‌పాస్ ఎక్కువ పనికొచ్చింది. ఇమేజ్ ప్రాసెసింగ్ దరఖాస్తులు వెతికి, ముందు క్లెయిమ్ మాత్రమే చదివి అభ్యంతరాలు నేనే రాసుకునేవాణ్ణి, ఆ తర్వాత నిజం ఎఫ్‌ఈఆర్ తెరిచి పోల్చేవాణ్ణి. వారానికి మూడు చేశాను. మొదట్లో సగం కూడా కలిసేవి కావు, టెన్షన్ పడకండి.

రెండోసారి పేపర్-2 దాటింది. వైవాలో ఒకాయన అడిగిన ప్రశ్న: "మీ క్లెయిమ్‌లోంచి కెమెరా తీసేస్తే ఏం మిగులుతుంది?" ఫ్రేములు తీసేది, వాటిలో ఆకు భాగం కొలిచేది, ఒక్కటే పంపేది అంతా ఆ పరికరమే సార్, అది లేకపోతే తగ్గాల్సిన డేటాయే లేదు అన్నాను. ఆయన తలూపి, తర్వాతి ప్రశ్న సెక్షన్ 8 (విదేశాల్లో వేసిన దరఖాస్తుల వివరాలు చెప్పడం) మీద అడిగారు.