నల్ల తల, నారింజ ముఖం

"నాన్నా, వీటి తల నల్లగా ఉంది!" అని మా అమ్మాయి అరవగానే జీపు ఆపించాను. టాంజానియాలో తరంగిరే పార్కు, పెద్ద బావోబాబ్ చెట్టు, కొమ్మల నిండా లవ్ బర్డ్స్.

మసి పూసినట్టున్న తల, మెడ చుట్టూ పసుపుపచ్చ పట్టీ, ఎర్ర ముక్కు, కంటి చుట్టూ తెల్లటి వలయం. జానెడు కూడా లేని పిట్టలు, ఎంత గోలో!

ఇదే దేశంలోని సెరెంగెటి పార్కులో చూసిన ఫిషర్ లవ్ బర్డ్స్‌ అనే ఇంకో జాతివి నారింజ ముఖాలు. ముక్కు, కంటి వలయం, ఆకుపచ్చ ఒళ్ళు మాత్రం అచ్చం ఇవే. రెండు జాతుల్నీ 1887లోనే రైఖెనోవ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వర్ణించాడు.

అడవిలో ఇవి దాదాపు కలవవు, ఎవరి ఇలాకా వాళ్ళది. పంజరంలో కలిపి పెడితే మాత్రం జత కట్టేస్తాయి, పుట్టిన పిల్లలకీ పిల్లలు పుడతాయి. కెన్యాలో నైవాషా సరస్సు దగ్గర మనుషుల చేతుల్లోంచి బయటపడ్డ పిట్టల సంతానం అలాగే కలగాపులగమైపోయింది.

నాకు అదే బాధ. ఫిషర్ పిట్టల్ని 1980లలో పెంపకం వ్యాపారం కోసం విపరీతంగా పట్టి ఎగుమతి చేశారు. అడవిలో మిగిలినవాటి రూపమైనా అలాగే నిలవాలి కదా! ఇంట్లో రెండూ ఉన్నవాళ్ళు దయచేసి విడివిడిగా పెంచండి.

ఫొటోలు పెడుతున్నా. మొదటిది సెరెంగెటిది, రెండోది ఇవాళ్టిది. ముక్కు పైన నుదురు చూడండి, తేడా అక్కడే తెలిసిపోతుంది.