కుక్క చెవి గొప్పదే, మనది మాత్రం తక్కువదా?

"కుక్క చెవి ముందు మన చెవి ఎంతరా" అని మా కోనసీమలో చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. అంకెలు చూస్తే నిజమే అనిపిస్తుంది. మనకి 20 నుంచి 20 వేల హెర్ట్జ్ (సెకనుకి ఇన్ని కంపనాలని లెక్క, అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచు) దాకా వినపడితే, కుక్కకి సుమారు 45 వేలు, డాల్ఫిన్‌కి లక్షన్నర దాకా వినపడతాయి. ఆఖరికి పాకలో కట్టేసిన ఆవు కూడా 35 వేల దాకా వింటుంది. అంతమాత్రాన మనది నాసిరకం చెవి అనేస్తే నేను ఒప్పుకోను.

లోపల జరిగేది చూడండి. కర్ణభేరి వెనక మూడు బుల్లి ఎముకలు, చివరిది లోపలి చెవి కిటికీని నొక్కుతూ వదులుతూ ఉంటుంది, దాంతో అక్కడున్న ద్రవం కదులుతుంది. ఆ ద్రవం ఉండేది రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా అనే గొట్టంలో, దాని పొడవునా బేసిలార్ అనే పొర, విప్పి పరిస్తే 35 మిల్లీమీటర్లు. కొబ్బరి మట్టని చేత్తో పట్టుకుని ఊపితే మొదలు బిర్రుగా ఉంటుంది, కొస అల్లల్లాడుతుంది కదా, ఈ పొరా అంతే. కాకపోతే మట్టకి మొదలు వెడల్పు, పొరకి మొదలే సన్నం. కీచు శబ్దం బిర్రుగా ఉన్న మొదట్లోనే ఊపు తెచ్చి ఆగిపోతుంది, డప్పు మోత లాంటి లావు శబ్దం కొసదాకా పోతుంది. అంటే ఒక్కో శ్రుతికి పొర మీద ఒక్కో చోటు.

పాలిచ్చే జంతువులన్నిటికీ ఏర్పాటు ఇంచుమించు ఇదే, కొలతలే వేరు. చిట్టెలుకకి పొర ఏడు మిల్లీమీటర్లు దాటదు, ఏనుగుకి 60 దాకా ఉంటుంది. చుట్లు ఎక్కువుంటే పొర కూడా పొడవనుకునేరు, గినీ పందికి (పేరుకే పంది, ఎలుకల తరహా బుల్లి జంతువు) నాలుగు చుట్లు దాకా ఉన్నా పొర పొడవు మనదాంట్లో సుమారు సగమే. గుర్రపులాడం ముక్కు గబ్బిలాల్లో ఒక రకం ఇంకా చిత్రం: చీకట్లో అరిచి, ఆ ప్రతిధ్వని విని ఎర పట్టుకుంటుంది, అది అరిచేది 83 వేల హెర్ట్జ్ దగ్గర, ఆ ఒక్క శ్రుతి చుట్టుపక్కలకే పొరలో పెద్ద ముక్క కేటాయించుకుంది. (మన ఊళ్ళలో రావిచెట్లకి తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలకి ఈ విద్య లేదు, అవి కళ్ళనీ ముక్కునీ నమ్ముకుని పళ్ళు వెతుక్కుంటాయి.)

పొర మీద అల పరిగెత్తడం చూపించినందుకు గెయోర్గ్ ఫాన్ బెకెషీ అనే శాస్త్రవేత్తకి 1961లో నోబెల్ వచ్చింది. పాపం ఆయన చూసింది ఎక్కువగా చనిపోయినవాళ్ళ చెవుల్లో, అందుకే అల మొద్దుగా కనపడింది. బతికున్న చెవిలో బయటి హెయిర్ సెల్స్ (పొర మీద బయటి వరసల్లో ఉండే, నెత్తిన బుల్లి వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలు), మనకైతే ఒక్కో చెవికి 12 వేల దాకా, శబ్దానికి తగ్గట్టు సాగుతూ ముడుచుకుంటూ అలని ఎగదోస్తాయి. వాటిని ఆడించే ప్రెస్టిన్ అనే ప్రొటీన్ 2000లో దొరికింది. ఈ ఎగదోత వల్ల చెవే చిన్న శబ్దం బయటికి వదులుతుందని 1978లో డేవిడ్ కెంప్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. ఇప్పుడు పురిటిపిల్లల చెవిలో బుడిపె పెట్టి చేసే వినికిడి పరీక్షల్లో ఒకటి దాని చలవే.

అదే శబ్దాన్ని కొలిచి 2002లో షెరా, గినాన్, ఆక్సెన్‌హామ్ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చిందేమిటంటే, దగ్గరదగ్గరగా ఉన్న శ్రుతుల్ని విడదీయడంలో మన కాక్లియా పిల్లి, గినీ పందుల కంటే రెండు మూడు రెట్లు పదును. దీని మీద గట్టిగానే వాదన నడిచింది, నేను మాత్రం షెరా పక్షమే. రొయ్యల చెరువు దగ్గర కాపలా పడుకున్నవాణ్ణి గమనించండి. నాలుగు ఏరేటర్లు టపటపా నీళ్ళు కొడుతున్నా గుర్రు పెట్టి నిద్రపోతాడు, వాటిలో ఒక మోటారు గొంతు కాస్త మారితే చాలు, టార్చి పట్టుకుని గట్టు మీద ఉంటాడు. అందులో మెదడు వాటా ఉందనుకోండి, కానీ శబ్దాల్ని ముందు విడదీసి అందించేది ఆ పొరే.

హోరుకో వయసుకో చెవి దెబ్బతింటే ముందు పోయేవి ఆ బయటి హెయిర్ సెల్సే, అదీ కీచు శబ్దాల వైపువి. అందుకే ముసలాళ్ళు "వినపడుతోంది గానీ ఏమంటున్నావో తెలీట్లేదు" అంటారు. స, ష, త లాంటివి జారిపోతాయి. మెల్లగా మాట్లాడితే అందదు, గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావు" అని కసురుకుంటారు. చాదస్తం కాదది, చిన్న శబ్దాల్ని పెంచే ఏర్పాటు పోయింది, పెద్దవి మాత్రం మామూలు జోరుతోనే తగులుతున్నాయి. ఎదురుగా కూర్చుని నిదానంగా చెబితే చాలావరకు అందుతుంది.

ఈ సెల్స్ మనకి తిరిగి మొలవవు, కుక్కకీ పిల్లికీ అంతే. కోళ్ళకి మొలుస్తాయి! సంక్రాంతికి బరి పక్కన డీజే బాక్సుల హోరులో చెవి దెబ్బతిన్నా పందెం కోడికి, కత్తి నుంచి బతికి బయటపడితే, కొన్ని వారాల్లో కొత్త సెల్స్ వస్తాయి. పందెం కాసినవాడికి రావు.