మాయ దానంతటదే వస్తుంది

"చెయ్యి తీయండి, తొందరేముంది?" అని కన్సల్టెంట్ (పెద్ద డాక్టరు) మెల్లగానే అన్నారు. కాని పదకొండేళ్లుగా సిజేరియన్లు చేస్తున్న నాకు, ఉత్తర ఇంగ్లండులోని ఆ ఆసుపత్రిలో చేరిన రెండో వారమే, ఆపరేషన్ థియేటర్లో అందరి ముందూ ఆ మాట పడటం చెంపదెబ్బలా తగిలింది. బిడ్డను తీసి, బొడ్డుతాడు కత్తిరించగానే నా కుడిచెయ్యి అలవాటుగా మాయ (ప్లాసెంటా) కోసం గర్భసంచిలోకి వెళ్లింది. ఆ చేతినే ఆయన ఆపారు.

అది తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రిలో పని నేర్చుకున్న చెయ్యి. ఒకే టేబుల్ మీద రోజుకు పన్నెండు కేసులు, బయట ముహూర్తం దాటిపోతోందని గడియారం చూసుకునే బంధువులు, బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు లేదంటే దాత కోసం పరుగెత్తే మేనమామలు. మా రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఎంత త్వరగా మాయ తీసి కుట్టేస్తే అంత రక్తం మిగులుతుందని మా మేడం అనేవారు; నేనూ నమ్మాను.

నిజానికి లెక్క దానికి తలకిందులు. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి సుమారు 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వస్తుంది. మాయ అంటుకున్న చోట ఆ రక్తాన్ని ఆపేది మన కుట్టు కాదు. నాళాల చుట్టూ అల్లుకున్న కండరపు పోగులు బిగుసుకుని వాటిని నొక్కేయాలి. గర్భసంచిని బిగించే మందు ఆక్సిటోసిన్ 5 యూనిట్లు నరంలోకి నెమ్మదిగా ఇచ్చి, గర్భసంచి గట్టిపడేదాకా ఆగి, తాడును మెల్లగా లాగితే మాయ విడివడి వస్తుంది. అంతకుముందే చేత్తో ఒలిస్తే నాళాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. రక్తం ఎక్కువ పోతుంది, తర్వాత గర్భసంచిలో ఇన్‌ఫెక్షనూ ఎక్కువే. ఇదంతా నేను పీజీ పరీక్షలో రాసిన జవాబే. తలకెక్కింది గాని చేతికెక్కలేదు.

రక్తం ఎంత పోయిందని అడిగితే "నాలుగు వందలు" అన్నాను. నర్సు రక్తం అద్దిన గుడ్డలను (మాపులను) ఒక్కొక్కటే తూకంలో వేసి, పొడి బరువు తీసేసి, ఉమ్మనీరు పోను సక్షన్ సీసాలోది కలిపి, గ్రాముకు ఒక మిల్లీలీటరు చొప్పున 780 అని బోర్డు మీద రాసింది. కేస్ షీట్లలో నేను కంటితో చూసి రాసిన అంకెలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

ఆ రాత్రి బస్సులో నాతో నేనే వాదించుకున్నాను. గర్భసంచి కోతను కత్తెరతో కాక వేళ్లతో పైకీ కిందికీ లాగి పెద్దది చేస్తే పక్క నాళాలు తెగవని నాకు నేర్పింది మా మేడమే; ఇక్కడా అదే చేస్తున్నారు. కోత అంచుల నెత్తురు ఆపే గ్రీన్-ఆర్మిటేజ్ ఫోర్సెప్స్‌కు పేరిచ్చిన డాక్టరు పనిచేసింది కలకత్తా ఈడెన్ ఆసుపత్రిలో. గర్భసంచి తీసేయకుండా కాపాడే కుట్టును 1997లో ప్రచురించిన బి-లించ్ సియెర్రా లియోన్ నుంచి వచ్చి మిల్టన్ కీన్స్‌లో పనిచేసినవాడు, అంటే నాలాంటి వలసవాడే. ఇవన్నీ ఎవరికి చెబుదామనుకున్నానో తెలియదు. ఆ మధ్యాహ్నం నన్ను ఎవరూ మీ దేశం గురించి అడగలేదు.

మొన్న మా ఊళ్లో డ్యూటీలో ఉన్న జూనియర్‌కు ఫోన్లో ఇదంతా చెప్పాను.

"ఎంతసేపు ఆగుతారక్కా?"

"రెండు నిమిషాలు. ఒక్కోసారి మూడు."

"పన్నెండు కేసులకు ఎంతవుతుందో లెక్కేశారా?"

లెక్కేశాను. అరగంట.