పందుల దాణాలో లైసిన్ లెక్క: నా అనుభవం

2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బు బయటపడిన తరువాత, మా సీమపందులకు హోటళ్ల మిగులు తిండి పెట్టడం మానేయాలని బాబాయ్, నేను నిర్ణయించుకున్నాం. ఎంగిలి తిండిలో జబ్బు సోకిన పంది మాంసం ముక్క ఒక్కటి ఉన్నా ఆ వైరస్ దొడ్లోకి వచ్చేయవచ్చు. అలా సొంత దాణా కలుపుకోవడం మొదలైంది.

మా వైపు అందరూ వాడే పాళ్లే మేమూ పట్టుకున్నాం. క్వింటాలుకు మొక్కజొన్న 45 కిలోలు, నూనె తీసిన తౌడు 30, వేరుశనగ చెక్క 23, మిగతాది ఖనిజ మిశ్రమం, ఉప్పు. మాంసకృత్తులు దాదాపు 18 శాతం. 25 నుంచి 50 కిలోల బరువున్న పిల్లలకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. అవి తిండి బాగానే తింటున్నాయి, బరువు మాత్రం నత్తనడకే. కోతకు వెళ్లిన వాటి వీపు మీద కొవ్వు మందంగా, కండ పలుచగా ఉంటోందని కొనేవాళ్లు ధర తగ్గించేవారు.

గన్నవరం పశువైద్య కళాశాలలో పశుపోషణ పాఠాలు చెప్పే మేడం దగ్గరికి ఆ పాళ్లు రాసుకుని వెళ్లాను. చీటీ చూసి ఒకే ప్రశ్న అడిగారు: "మాంసకృత్తులు సరేనండీ, ఇందులో లైసిన్ ఎంత?" మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ముక్కలతో కూడి ఉంటాయి, వాటిలో ఒకటి లైసిన్.

కాగితం తీసుకుని ఇద్దరం లెక్క వేశాం. మొక్కజొన్నలో లైసిన్ పావు శాతం, తౌడులో సుమారు 0.6, వేరుశనగ చెక్కలో ఒకటిన్నర. అన్నీ కూడితే మా దాణాలో 0.64 శాతం తేలింది. ఆ బరువు పిల్లలకు జీర్ణమయ్యే లైసినే 0.98 శాతం కావాలని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 పట్టిక చెబుతోంది. ఉన్నదంతా అరిగినా మూడో వంతు లోటే.

కండ కట్టాలంటే అమైనో ఆమ్లాలన్నీ తగిన పాళ్లలో ఒకేసారి అందాలి. జడలో ఒక పాయ పొట్టిదైతే మిగతా రెండూ ఎంత పొడుగున్నా అల్లిక అక్కడే ఆగిపోతుంది. గింజలతో చేసిన పందుల దాణాలో ఆ పొట్టి పాయ చాలావరకు లైసినే. వాడుకోలేని మిగతా అమైనో ఆమ్లాలను శరీరం విరగ్గొడుతుంది, వాటిలోని నత్రజని మూత్రంలో పోతుంది, శక్తి కొవ్వుగా మారుతుంది. వీపు మీద కొవ్వు ఎందుకు పేరుకుంటోందో అప్పుడు అర్థమైంది. పాకలో ఘాటు అమ్మోనియా వాసన కూడా అక్కడి నుంచే.

మేడం సూచనతో పాళ్లు మార్చాం. మొక్కజొన్న 58, తౌడు 17.5, వేరుశనగ చెక్కకు బదులు సోయా చెక్క 22, ఖనిజాలు, ఉప్పు కలిపి 2.2, లైసిన్ పొడి 300 గ్రాములు. మాంసకృత్తులు మళ్లీ 18కి కాస్త తక్కువే. లైసిన్ మాత్రం 1.12 శాతానికి చేరింది, అందులో అరిగేది 0.99. లైసిన్ లోటు తీరాక త్రియోనిన్, మిథియోనిన్ అనే మరో రెండు అమైనో ఆమ్లాల వెలితి బయటపడుతుంది కాబట్టి అవి చెరో 50 గ్రాములు చేర్చాం. మాంసకృత్తుల శాతం రెండు దాణాలకూ ఒకేలా కనిపిస్తుంది, పంది ఒంట్లో జరిగేది వేరు. లైసిన్ శాతం అచ్చు వేయని దాణా బస్తాను ఇప్పుడు నేను ముట్టుకోను.

కలపడంలో చాలా జాగ్రత్త ఉండాలి. 300 గ్రాముల పొడిని నేరుగా క్వింటాలు మీద చల్లితే ఒక పందికి ఎక్కువ, మరో పందికి సున్నా. ముందు రెండు కిలోల మొక్కజొన్న పిండిలో చేత్తో కలుపుతాను, దాన్ని పది కిలోల పిండిలో, ఆ తరువాతే కుప్పలో. పారతో కుప్పను ఈ పక్క నుంచి ఆ పక్కకు తిరగేయడం బాబాయ్ పని. రంగు ఒకేలా వచ్చేదాకా ఆపరు.

సోయా చెక్క కొనేటప్పుడు యూరియా, ఫినాల్ రెడ్ అనే రంగు మారే రసాయనం కలిపిన ద్రావణం కాస్త పలుచగా పరచిన చెక్క మీద చల్లి చూస్తాం. పది నిమిషాల్లో ఎర్ర చుక్కలు అక్కడక్కడా వస్తే సరిగ్గా వేగినట్టు. మొత్తం ఎర్రబడితే పచ్చిది, అందులో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థం మిగిలి ఉంటుంది. అసలు చుక్కే రాకపోతే మాడేలా వేగిందేమో, లైసిన్ కూడా పోయి ఉండవచ్చు. చెక్కలో యూరియా కల్తీ మరో బెడద. ప్రయోగశాల నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేసి మాంసకృత్తుల శాతం చెబుతుంది. యూరియాలో నత్రజని 46 శాతం, అంటే కిలో యూరియా దాదాపు మూడు కిలోల మాంసకృత్తులుగా లెక్కలోకి వస్తుంది. ఆవు కొంతవరకు వాడుకుంటుంది, పందికి అది దండగ.

కొత్త దాణా పడిన పిల్లల తొడలు, నడుము నిండుగా వచ్చాయి. కొవ్వు పేరు చెప్పి బేరం తగ్గించడం ఆగింది. ఇప్పుడు 50 కిలోలు దాటిన వాటికి జీర్ణమయ్యే లైసిన్ 0.85కు, 75 దాటితే 0.73కు దించుతూ సోయా తగ్గిస్తున్నాం. సోయా ధర మండినప్పుడు టన్నులో 50 కిలోల సోయా తీసి 48.5 కిలోల మొక్కజొన్న, 1.5 కిలోల లైసిన్ పెట్టవచ్చు. ఆ మార్పు ఒకసారికి మించి చేయాలంటే త్రియోనిన్, ట్రిప్టోఫాన్ (ఇదీ అమైనో ఆమ్లమే) లెక్క మళ్లీ వేసుకున్నాకే.